అన్నం మీద అలకెందుకు?

బరువు తగ్గాలనుకున్న మరుక్షణం చాలామంది చేసే పని... కంచంతో కయ్యం పెట్టుకోవడం. అన్నం బంద్, స్వీటు బంద్, రాత్రి భోజనం బంద్! నాలుగు రోజులు గడిచాక ఆ కయ్యంలో ఓడేదెవరో అందరికీ తెలుసు. అసలు తిండితో తగవు లేకుండా బరువు తగ్గలేమా? తగ్గొచ్చు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండాలన్నా అదే దారి.

'సోమవారం నుంచి డైట్!'

ఈ ప్రతిజ్ఞ వినపడని ఇల్లు ఉండదేమో. ఆదివారం రాత్రి బిర్యానీ సాక్షిగా పుడుతుందది. సోమవారం పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం. మధ్యాహ్నం రెండు పుల్కాలు, నాలుగు కీరా ముక్కలు. సాయంత్రానికి నీరసం, చిరాకు. మంగళవారం పిల్లలు వదిలేసిన పూరీ మీదికి పోతుంది చూపు. బుధవారం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు, కేకు ముక్క. 'ఎలాగూ డైట్ తప్పింది కదా' అని ఆ రాత్రి కడుపు నిండా భోజనం. గురువారమంతా తనను తాను తిట్టుకోవడం. శుక్రవారం పూజ, పులిహోర, దద్ధోజనం. శనివారం ఒంటిపూట. ఆదివారం మళ్లీ బిర్యానీ... మళ్లీ ప్రతిజ్ఞ!

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయన్నారు పెద్దలు. కరగనిదల్లా పొట్టే. దాంతో పొట్ట మీద కోపం కాస్తా పప్పన్నం మీద చూపిస్తున్నాం. ఆ కోపం నిలవక ఓడిపోయినప్పుడల్లా 'నాకు మనోనిబ్బరం లేదు' అని కుంగిపోతున్నాం. నిజానికి ఇందులో మనోనిబ్బరం పాత్ర అనుకున్నంత లేదు. ఆకలిని అణచాలని చూస్తే శరీరం, మనసు రెండూ ఎదురు తిరుగుతాయని 80 ఏళ్ల నుంచి పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి.

తేలిగ్గా తీసుకోలేం

అలాగని బరువును తేలిగ్గా తీసుకోమని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో మనదేశంలో 21 శాతం మహిళలు, 19 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. 2019-21 సర్వే నాటికి అది 24, 23 శాతానికి పెరిగింది. తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో నాలుగడుగులు ముందే ఉన్నాయి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణ మహిళల్లో 30 శాతం మంది అధిక బరువు ఉన్నట్టు తేలింది. పైగా సర్వే లెక్కకు తీసుకున్నది బీఎంఐ 25ను. భారతీయులకు వైద్యులు 23 దాటితేనే జాగ్రత్తపడమంటారు. ఒకే బరువున్న యూరప్ వాసితో పోలిస్తే మన ఒంట్లో కొవ్వు పాళ్లు ఎక్కువ. అదీ పొట్ట చుట్టూ చేరుతుంది. మధుమేహానికీ గుండెజబ్బుకీ దారి తీసేది ఆ కొవ్వే.

లెక్క చూసుకోవడం తేలికే. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారు 59 కిలోలు దాటితే అధిక బరువు, 64 కిలోలకు చేరితే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే తగ్గాల్సిందే. అయితే ఎలా తగ్గుతామన్న దాని మీదే ఆ తగ్గుదల ఎన్నాళ్లుంటుందనేది ఆధారపడి ఉంటుంది.

కోతిని తలుచుకోవద్దంటే...

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదన్నాడట వెనకటికో వైద్యుడు. ఇంకేముంది, మందు చేతికి తీసుకున్నప్పుడల్లా కోతే కళ్లముందు! అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో సరిగ్గా ఇలాంటి ప్రయోగమే చేసింది. అక్కడ కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. దాని గురించి ఆలోచించొద్దని చెప్పినవాళ్లు మాటిమాటికీ దాన్నే తలుచుకున్నారు. ఆ నిషేధం ఎత్తేశాక ఇంకా ఎక్కువగా తలుచుకున్నారు. 'మైసూర్‌పాక్ ముట్టను' అని ఒట్టేసుకున్నవారి బుర్రలో జరిగేదీ ఇదే.

బుర్రే కాదు, శరీరమూ ఊరుకోదు. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఓ ప్రయోగం చేశారు. యుద్ధంలో చంపడం ఇష్టంలేక సైన్యంలో చేరనన్నవాళ్లు వారంతా. ఆకలితో అలమటిస్తున్న యూరప్ జనాన్ని తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ప్రయోగం ఉద్దేశం. 24 వారాల పాటు వాళ్లకు రోజుకు సుమారు 1570 కిలోక్యాలరీల ఆహారమే ఇచ్చారు. వారానికి 22 మైళ్లు నడిపించారు. బరువు నాలుగో వంతు తగ్గింది. అంతకన్నా ఆశ్చర్యం కలిగించింది వాళ్ల ప్రవర్తన. ఎప్పుడూ వంట గురించి పట్టించుకోని కుర్రాళ్లు వంటల పుస్తకాలు పోగుచేశారు. కంచాలు నాకారు. కలల్లోనూ తిండే. చదువు మీద, స్నేహితుల మీద ఆసక్తి పోయింది. ప్రయోగం ముగిశాక చాలామందికి ఎంత తిన్నా తృప్తి ఉండేది కాదు. నెలల తరబడి ఆ వెలితి వెంటాడింది.

ఒక్కసారి ఆ అంకె మళ్లీ చూడండి. రోజుకు 1570 కిలోక్యాలరీలు! ఇవాళ ఎవరో చెప్పారని, ఎక్కడో చూశామని మొదలుపెట్టే డైట్లలో చాలావాటిలో అంత కూడా ఉండదు.

మునిగినవాడికి చలేమిటి?

డైట్ చేసేవాళ్లు ఒక్క ముక్క తప్పు తింటే ఆ రోజంతా ఎందుకు వదిలేస్తారు? పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు 1975లో దీన్ని పరీక్షించారు. కాలేజీ అమ్మాయిలకు మొదట మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి చెప్పమన్నారు. మామూలుగా తినే అమ్మాయిలు కడుపులో మిల్క్‌షేక్ పడింది కాబట్టి ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. నోరు కట్టుకునే అలవాటున్న అమ్మాయిలు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. 'నిండా మునిగాక చలేమిటి' అనుకోవడమన్నమాట!

అంటే బరువు పెంచింది ఆ మిల్క్‌షేక్ కాదు. 'తప్పు చేశాను' అన్న భావం. ఒక గులాబ్‌జామ్ తింటే మునిగిపోయేదేమీ లేదు. 'ఒకటెలాగూ తిన్నాను' అనుకుంటూ తినే మిగతా ఆరింటితోనే వస్తుంది చిక్కంతా.

మొండిగా కడుపు మాడ్చుకుని తగ్గినవారికి ఇంకో అడ్డంకి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి 10 వారాల పాటు బాగా తక్కువ ఆహారం ఇచ్చారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు వాళ్లు. ఏడాది తర్వాత రక్తపరీక్షలు చేస్తే ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోను మొదటికన్నా ఎక్కువగానే ఉంది. చాలు అని చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉంది. 2011లో వెలువడిన ఈ ఫలితాల సారాంశం ఒక్కటే... తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని శరీరం ఏడాదైనా మరిచిపోదు. కాబట్టి మళ్లీ లావయ్యామంటే అది సోమరితనమో, తిండిపోతుతనమో కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాటా ఇదే. వారానికి అరకిలో తగ్గడం క్షేమం. బరువు తగ్గడానికి ఎంత కుదించినా రోజుకు వెయ్యి కిలోక్యాలరీలకు తక్కువ తినకూడదు. నెలకు పది కిలోలు తగ్గిస్తామన్న ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయడమే మంచిది.

మన ఇంటి కథ వేరు

విదేశీ పుస్తకాల్లోని సలహాలు మన వంటింట్లో సగమే పనికొస్తాయి. ఎందుకంటే మనకు తిండి అంటే తిండి మాత్రమే కాదు. అది ప్రేమ, మర్యాద, మొక్కు, మొహమాటం.

'ఇంకొక్క ముద్ద, నా తల్లివి కదూ' అనే అమ్మమ్మ దగ్గరే మొదలవుతుంది మన భోజనం. చాలు అని కడుపు చెప్పినా, కంచంలో మెతుకు మిగల్చకూడదని నేర్పింది ఇల్లు. వియ్యంకులింటికి వెళ్తే 'అదేంటి వదినగారూ, ఏమీ తినలేదు' అంటూ వడ్డించే గరిటెకు అడ్డుపెట్టడం కష్టం. అదే చేత్తో వడ్డించినవారే పెళ్లిలో ఎదురుపడితే 'ఏమ్మా, బాగా ఒళ్లు చేశావే!' అంటారు నలుగురిలో. పెట్టేదీ మనమే, దెప్పేదీ మనమే.

ఇక ఇంటి ఇల్లాలి సంగతి. పిల్లల క్యారేజీలు, ఆయన టిఫిను అయ్యేసరికి పది దాటుతుంది. అప్పటిదాకా రెండు కాఫీలు. తర్వాత మిగిలిన దోసె, పాప వదిలేసిన ఉప్మా, 'పారేయడమెందుకు' అని గిన్నె అడుగున అన్నం. ఆకలేసిందా లేదా అన్న ప్రశ్నే లేదు. రాత్రి అందరూ తిన్నాక పదింటికి, టీవీ ముందు రోజంతటి అలసటతో తినే భోజనమే ఆమెకు దొరికే తీరుబడి. ఆమెను 'తిండి తగ్గించు' అనడం కన్నా పొద్దున ఎనిమిదిన్నరకు ఇంట్లోవాళ్లతో పాటు కూర్చోబెట్టి టిఫిన్ పెట్టడం మేలైన డైట్.

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది పిల్లల విషయంలో. అద్దం ముందు నిలబడి 'ఛీ, ఎంత లావయ్యానో' అని అమ్మ అనుకునే మాట పక్కనున్న పదేళ్ల కూతురు వింటుంది. హోంవర్క్ చేస్తే చాక్లెట్, అల్లరి చేస్తే అన్నం బంద్ అన్న ఇంట్లో పెరిగిన పిల్లాడికి తిండి ఆకలి తీర్చేదిగా కాక బహుమతిగా, శిక్షగా కనిపిస్తుంది. పెద్దయ్యాక మనసు బాలేనప్పుడల్లా ఆ బహుమతి వెతుక్కుంటాడు.

ఇది ఏ ఆకలి?

తిండితో స్నేహం కుదరాలంటే ముందు ఆకలిని గుర్తుపట్టాలి. అది ప్రధానంగా మూడు రకాలుగా వస్తుంది.

కడుపు ఆకలి మెల్లగా మొదలవుతుంది. పప్పన్నమైనా, పెరుగన్నమైనా ఫరవాలేదంటుంది. తినగానే తీరుతుంది.

కంటి ఆకలి చూడగానే పుడుతుంది. మిర్చిబజ్జీ బండి దాటితే తగ్గిపోతుంది.

మనసు ఆకలి హఠాత్తుగా వస్తుంది. ఫలానాదే కావాలంటుంది. బాసు తిట్టినప్పుడు, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీయించేది ఇదే. ఎంత తిన్నా తీరదు. ఎందుకంటే అది అడుగుతున్నది తిండిని కాదు. అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడటం, మేడ మీద నాలుగు చుట్లు తిరగడం, త్వరగా పడుకోవడం దానికి అసలైన మందు.

నిద్ర మాట ఊరికే చెప్పేది కాదు. షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. 2004లో ప్రచురించారీ ఫలితాలను. అర్ధరాత్రి దాకా సీరియళ్లు, ఫోన్లు చూసి మర్నాడు తిండి తగ్గించుకోవాలనుకుంటే ఆకలి మాట వింటుందా?

కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. ఏడు నిమిషాల్లో భోజనం ముగించేవారికి ఆ కబురు అందేసరికి రెండో వడ్డన కూడా అయిపోతుంది. నెమ్మదిగా తినడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అన్నం శత్రువా?

కానేకాదు. కాకపోతే మన భోజనంలో ఓ తిరకాసు ఉంది. పప్పుతో కొంచెం అన్నం, కూరతో కొంచెం, పచ్చడితో నాలుగు ముద్దలు, చారుతో ఇంకొంచెం, పెరుగుతో చివర్న మరికొంచెం. ప్రతి 'కొంచెం'కీ అన్నం విడిగా వడ్డించుకుంటాం. ఐదు వరసలయ్యేసరికి ఎంత అన్నం తిన్నామో లెక్కే తెలియదు. కూరేమో నంజుకోవడానికే!

జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో సవరించి విడుదల చేసిన 17 ఆహార సూత్రాల్లో దీనికి జవాబుంది. రోజుకు 2000 కిలోక్యాలరీలు అవసరమైన వ్యక్తి తినాల్సిన కొలతలివి. వండకముందు తూకంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ మాంసాహారం కలిపి 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మనం రోజూ తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని కూడా ఆ సంస్థ చెప్పింది. ప్రస్తుతం అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

అంటే అన్నం మానాలని కాదు, అన్నానికీ కూరకూ స్థానాలు మార్చాలని. ఆ పూటకు కావాల్సిన అన్నం ముందే ఒక గిన్నెలో తీసుకుని, అదే పప్పుకూ చారుకూ పెరుగుకూ పంచుకోవాలి. దొండకాయనో బెండకాయనో గిన్నెడు నూనెలో వేయించే బదులు మూతపెట్టి మగ్గించి కప్పు నిండా తినాలి. పెద్ద చెంచాడు నూనెలోనే 120 కిలోక్యాలరీలుంటాయి. పప్పు చిక్కగా వండుకోవాలి. ఆవకాయ ఉండొచ్చు. ముద్దకింత కాకుండా కంచంలో ఓ మూల ఉంటే చాలు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, చక్కెర 25 గ్రాములు మించొద్దన్నది మరవకూడదు. రెండు చెంచాల చక్కెరతో నాలుగు కాఫీలు తాగితే ఆ కోటా అక్కడే దాటిపోతుంది.

పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం తోటకూర పప్పు, ఎండాకాలంలో పల్చటి మజ్జిగ, చలికాలంలో జొన్నరొట్టె... బరువు తగ్గడానికి పరాయి తిండి తెచ్చుకోనక్కర్లేదు. కొబ్బరినూనె తాగే డైట్లు 2018 ప్రాంతంలో ఊరూరా ఊపేశాయి. ఎవరైనా ఎన్నాళ్లు పాటించారన్నదే ప్రశ్న. జీవితాంతం తినలేనిది జీవితాంతం బరువును ఆపలేదు.

ఇక పండగలు. సంక్రాంతి మూడు రోజులే. డబ్బాలో అరిసెలు మాత్రం మూడు వారాలుంటాయి. పండగ రోజున అరిసె మానితే వచ్చేది తక్కువ. పండగయ్యాక పని మధ్యలో నిలబడి తినే అరిసెలు మానితే వచ్చేది ఎక్కువ. తినాలనిపించిన మిఠాయిని కంచంలో పెట్టుకుని, కూర్చుని, రుచి తెలిసేలా తినాలి. దొంగచాటుగా తిన్నది లెక్కలోకి రాదు, తృప్తీ ఇవ్వదు.

ఉపవాసం నమ్మకం కోసమైతే సరే. బరువు కోసమైతే మాత్రం 'ఫలహారం' పేరుతో రెండు ప్లేట్ల ఉప్మా, సగ్గుబియ్యం వడలు తిని లాభం లేదు. మధుమేహానికి మందులు వాడేవారు డాక్టర్ని అడక్కుండా ఏ పూటా మానకూడదు.

కాటా ముల్లు ఒక్కటే సాక్షి కాదు

రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, ముల్లు కదిలిన వైపుకల్లా మనసును కదిలించడం ఇంకో రోగం. ముందురోజు ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా కిలో అటూఇటూ అవుతుంది. వారానికోసారి, ఒకే సమయంలో చూసుకుంటే చాలు. నడుము కొలత, షుగర్, బీపీ, మెట్లెక్కితే వచ్చే ఆయాసం... ఇవీ సాక్షులే.

ఇందుకు మనదేశంలోనే ఓ నిదర్శనం ఉంది. చెన్నైకి చెందిన వైద్యులు ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని ఎంచుకుని, కొందరికి ఆహారంలో మార్పులు, నడక అలవాటు చేసింది. వీరిలో మధుమేహం ముప్పు మిగతావారికన్నా 28.5 శాతం తగ్గింది. 2006లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో విశేషమేమిటంటే, వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు! ముల్లు కదలకపోయినా ఒంటికి మేలు జరుగుతూనే ఉంది. 'కిలో కూడా తగ్గలేదు' అని నడక మానేసేవారు గుర్తుంచుకోవాల్సిన సంగతిది.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025 నుంచి మన మార్కెట్లోకీ వరుసగా వచ్చాయి. ఊబకాయం వల్ల జబ్బులున్నవారికి డాక్టర్ పర్యవేక్షణలో అవి ఉపయోగపడతాయి. అయితే అలాంటి మందుల్లో ఒకటైన సెమాగ్లూటైడ్‌ను ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు 2022లో వెలువడిన అధ్యయనంలో తేలింది. సూది వేయించుకున్నా కంచంతో రాజీ తప్పదన్నమాట.

ఇంటిల్లిపాదీ ఇలా...

* ఒంటి గురించి వ్యాఖ్యలు బంద్. 'లావయ్యావు' అన్నదే కాదు, 'చిక్కావు, బాగున్నావు' అన్నది కూడా.

* ఒకరికి పుల్కా, మిగతావారికి పూరీ కాకుండా అందరికీ ఒకే వంట. కొలతలే వేరు.

* రోజుకు ఒక పూటైనా టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి కలిసి భోజనం.

* 'చాలు' అన్న పిల్లలను బలవంతపెట్టొద్దు. ముందే కొంచెం వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టడం మేలు.

* మిగిలినదానికి ఫ్రిజ్ ఉంది. అమ్మ పొట్ట ఫ్రిజ్ కాదు.

* తప్పిన పూట గురించి చింత వద్దు. తర్వాతి పూట మామూలుగా తింటే చాలు. 'నిన్న తిన్నాను కాబట్టి ఇవాళ పస్తు' అన్న శిక్ష అసలే వద్దు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

ఒక్కోసారి ఇది అలవాటు దాటి జబ్బవుతుంది. నలుగురిలో తినకుండా తప్పించుకోవడం, తినగానే బాత్రూమ్‌కి పరిగెత్తి వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం, ఎముకలు కనిపిస్తున్నా లావుగా ఉన్నానని బాధపడటం, ఆపుకోలేకుండా రహస్యంగా గంపెడు తినేసి కుమిలిపోవడం, అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం... ఇవన్నీ ప్రమాద సూచనలు. టీనేజీ పిల్లల్లో మరీ కనిపెట్టి ఉండాలి. 'తిక్క కుదురుతుందిలే' అని వదిలేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఫ్యామిలీ డాక్టర్‌కు చూపించి, మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం.

అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పి పెంచారు మనల్ని. దాన్ని చూసి భయపడమని ఎవరూ చెప్పలేదు. ఆకలైనప్పుడు కూర్చుని, నచ్చింది కాస్త, కావాల్సింది ఎక్కువ తిని, చాలనిపించినప్పుడు చెయ్యి కడుక్కోవడం... ఇంతకుమించిన డైట్ లేదు. అమ్మానాన్నలు అలా తినడం చూసి పెరిగిన పిల్లలకు రేపు ఏ డైట్ చార్టుతోనూ పనుండదు.